మళ్ళీ మళ్ళీ వచ్చే తెల్లబట్ట, దురద – నోటి మాత్రల వైద్యం

(ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దంపతుల సమావేశం కోసం రాసిన ప్రసంగ పాఠం)



కుటుంబ నియంత్రణ సమావేశం అనగానే లూపు, మాత్రలు, నిరోధ్, ఆపరేషను – వీటి గురించి చెప్తారని మీరు అనుకుంటారు. ఈరోజు వాటికి ఆనుకుని ఉన్న ఇంకో సంగతి చెప్పదలిచాను. ఆడవాళ్ళు తల్లికి కూడా చెప్పుకోటానికి సిగ్గుపడే బాధ ఇది. తెల్లబట్ట, దానితోపాటు విడవని దురద. ఒకసారి మందు వాడితే తగ్గుతుంది. రెండు నెలలకు మళ్ళీ వస్తుంది. ఇట్లా ఏళ్ళ తరబడి బాధపడేవాళ్ళు ఉన్నారు.

ఈ బాధ వల్ల సంసారాల్లో మూడు నష్టాలు జరుగుతున్నాయి. భార్య కలయికకు భయపడుతుంది, భర్తకు కోపమో అనుమానమో వస్తుంది. రెండోది, లూపు వల్లనో మాత్రల వల్లనో ఇది వచ్చిందనుకుని మంచిగా పనిచేస్తున్న పద్ధతిని మానేస్తారు, అక్కర్లేని గర్భం వస్తుంది. మూడోది అన్నిటికన్నా పెద్దది. ఈ చిన్న జబ్బుకు గర్భసంచే తీయించుకోటానికి సిద్ధపడతారు. ఈ మూడూ అవసరం లేదు. దీనికి మందు ఉంది. నోటితో మింగే మాత్ర. అయితే దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎన్నాళ్ళు వేసుకోవాలో తెలిసి ఉండాలి. ఆ సంగతే ఇప్పుడు చెప్తాను.

ఏది జబ్బు? ఏది కాదు?

ముందుగా ఒక మాట. తెల్లగా అయిన ప్రతిదీ జబ్బు కాదు. నోట్లో లాలాజలం ఉన్నట్టే జననాంగంలోనూ సహజంగా తడి ఉంటుంది. రెండు ముట్ల మధ్య రోజుల్లో, అండం విడుదలయ్యే సమయంలో, అది గుడ్డులోని తెల్లసొనలాగా సాగుతుంది. గర్భిణీలకు కొంచెం ఎక్కువ అవుతుంది. దురద, మంట, వాసన లేకపోతే దానికి మందు అక్కర్లేదు. "ఎముకలు కరిగిపోతున్నాయి", "ఒంట్లో సత్తువంతా పోతోంది" అని పెద్దవాళ్ళు భయపెడతారు. అది నిజం కాదు. ఎముకలు కరిగి అట్లా బయటికి రావు.

బూజు జాతి క్రిమి వల్ల వచ్చే తెల్లబట్ట వేరే రకంగా ఉంటుంది. పెరుగు విరిగినట్టు తరకలు తరకలుగా, గట్టిగా ఉంటుంది. చెడు వాసన సాధారణంగా ఉండదు. దురద మాత్రం భరించలేనంత. చర్మం ఎర్రబడుతుంది, వాస్తుంది. మూత్రం పోసేటప్పుడు పైచర్మానికి తగిలి మంట పుడుతుంది. కలయికలో నొప్పి ఉంటుంది.

వాసన వచ్చే తెల్లబట్ట వేరు. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసన వేస్తే అది బాక్టీరియాల తేడా వల్ల వచ్చినది. పసుపుపచ్చగా గాని ఆకుపచ్చగా గాని నురగతో వస్తే ట్రైకోమొనాస్ అనే క్రిమి కావచ్చు. అది భార్యాభర్తల మధ్య ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. అందుకని ఇద్దరికీ మందు ఇవ్వాలి. చీములాగా అవుతూ పొత్తికడుపులో నొప్పి, జ్వరం ఉంటే ఆలస్యం చేయకూడదు. నెత్తురు కలిసి వచ్చినా, కలయిక తర్వాత నెత్తురు కనిపించినా, ముట్లు ఆగిపోయాక మళ్ళీ నెత్తురు కనిపించినా వెంటనే డాక్టరమ్మకు చూపించాలి. అది గర్భాశయ ద్వారానికి వచ్చే క్యాన్సరు కాదని తేల్చుకోవాలి.

ఇన్ని రకాలు ఉన్నప్పుడు "తెల్లబట్టకు మాత్ర ఇవ్వండి" అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటే, అసలు జబ్బుకు మందు పడకపోవచ్చు. మళ్ళీ మళ్ళీ వస్తోందని చెప్పే చాలామంది విషయంలో మొదటిసారే జబ్బు ఏమిటో సరిగ్గా తేలలేదు.

ఈ బూజు క్రిమి ఎక్కడిది?

దీని పేరు కాండిడా. ఎక్కువమందిలో కనిపించే రకం కాండిడా ఆల్బికాన్స్. కల్లు పులవటానికి కారణమయ్యే ఈస్టు మీకు తెలుసు గదా, దానికి దూరపు చుట్టం అనుకోండి. ఇది మన నోట్లోనూ పేగుల్లోనూ జననాంగంలోనూ కొద్దిగా ఉంటూనే ఉంటుంది. పక్కన ఉన్న మంచి బాక్టీరియాలు దాన్ని అదుపులో పెడతాయి. ఆ అదుపు తప్పినప్పుడే అది పెచ్చరిల్లుతుంది. పొలంలో గట్టు మీద గడ్డి ఎప్పుడూ ఉంటుంది. పైరు పలచబడితే అది చేలోకి వస్తుంది. ఇదీ అంతే.

నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితంలో ఒకసారైనా ఇది వస్తుంది. కాబట్టి ఇది వచ్చినందుకు ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. ఏడాదిలో మూడు సార్లో అంతకన్నా ఎక్కువో వస్తే దాన్ని మొండి జబ్బుగా లెక్కవేస్తారు. అది కొద్దిమందికే వస్తుంది.

ఎందుకు మళ్ళీ మళ్ళీ వస్తుంది?

మొదటి కారణం షుగరు. రక్తంలో చక్కెర ఎక్కువైతే ఈ క్రిమికి తిండి దొరికినట్టే. షుగరు జబ్బు ఉన్నదని తెలియక, ఈ దురదతోనే బయటపడిన వాళ్ళు ఉన్నారు. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రతి స్త్రీ రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి. షుగరు అదుపులోకి రాకుండా ఎన్ని మాత్రలు మింగినా గట్టు తెగిన చెరువుకు నీళ్ళు పెట్టినట్టే. ఇంకో సంగతి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపిస్తాయి. అవి వాడేవాళ్ళకు ఈ దురద ఎక్కువగా రావచ్చు. మాత్ర మీరే మానేయకండి, డాక్టరుకు చెప్పండి.

రెండో కారణం ఆంటీబయాటిక్ మందులు. జలుబుకీ ఒళ్ళునొప్పులకీ ఊరి ఆర్‌ఎంపీ దగ్గర తీసుకునే క్యాప్సూళ్ళు మంచి బాక్టీరియాలను కూడా చంపుతాయి. కాపలా పోయాక బూజు పెరుగుతుంది.

గర్భంతో ఉన్నప్పుడూ, దీర్ఘకాలం స్టెరాయిడు మందులు వాడినప్పుడూ, హెచ్‌ఐవి వంటి వాటి వల్ల ఒంట్లో నిరోధక శక్తి తగ్గినప్పుడూ ఇది తేలిగ్గా వస్తుంది. ఏ కారణమూ కనిపించకుండా వచ్చేవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. వాళ్ళ తప్పు ఏమీ లేదు. శుభ్రత లేదని అత్తగారు నిందించటం అన్యాయం. నిజానికి అతి శుభ్రత కూడా చెరుపే చేస్తుంది. డెట్టాలు, పటిక నీళ్ళు, సబ్బు నురగ లోపలికి పోసి కడిగితే మంచి బాక్టీరియాలు పోయి జబ్బు ముదురుతుంది. బయట మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు. లోపల కడగకూడదు.

మందు ఎట్లా వచ్చింది?

ఒకప్పుడు దీనికి పైపూత నీలిమందే గతి. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికా మహిళా శాస్త్రవేత్తలు, పాడిపశువులున్న ఒక పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి నిస్టాటిన్ అనే మందు తీశారు. అది బూజును చంపుతుంది గాని, మింగితే పేగుల నుంచి రక్తంలోకి ఎక్కదు. అందుకని దాన్ని లోపల పెట్టుకునే బిళ్ళగా వాడారు. తర్వాత క్లోట్రిమజోల్ బిళ్ళలు, క్రీములు వచ్చాయి. అవి ఈనాటికీ మంచి మందులే.

మింగితే రక్తంలోకి ఎక్కి పనిచేసే మాత్రగా 1981లో కీటోకోనజోల్ అమెరికాలో అమ్మకానికి వచ్చింది. కాని అది కొందరిలో కాలేయాన్ని చెడగొట్టింది. 2013లో అమెరికా, యూరప్ ఔషధ నియంత్రణ సంస్థలు ఆ మాత్ర మింగటం మీద గట్టి హెచ్చరికలు చేశాయి. ఎవరైనా "దురదకు కీటోకోనజోల్ మాత్ర" అని చేతిలో పెడితే మింగకండి, డాక్టరుకు చూపించండి.

1980లలో ఇంగ్లండులో ఫ్లూకోనజోల్ అనే మాత్రను కనిపెట్టారు. ఇది అంతకన్నా భద్రమైనది. 1994లో అమెరికాలో ఈ జబ్బుకు 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే ఒక్కసారి వేసుకునే వైద్యానికి అనుమతి ఇచ్చారు. ఈనాడు మన ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చేది ఇదే. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ రూపొందించిన మందుల కిట్లలో తెల్లబట్టకు ఇచ్చేది ఆకుపచ్చ రంగు కిట్. అందులో సెక్నిడజోల్ మాత్రలతోపాటు ఫ్లూకోనజోల్ మాత్ర ఒకటి ఉంటుంది. ఆ కిట్ తీసుకున్నవాళ్ళు కల్లు, సారా ముట్టకూడదు. సెక్నిడజోల్‌తో కలిస్తే వాంతులు, తల తిరగటం రావచ్చు.

ఈ మాత్ర చేసే పని ఏమిటంటే, బూజు కణం చుట్టూ ఉండే పొరను కట్టుకోనివ్వదు. పొర లేని కణం పెరగలేదు. అన్నం ముందు వేసుకున్నా తర్వాత వేసుకున్నా ఫరవాలేదు. వేసుకున్న మర్నాటి నుంచో మూడో రోజుకో దురద తగ్గటం మొదలవుతుంది. గంటలో తగ్గలేదని ఇంకోటి మింగకండి.

మొండి జబ్బుకు ఆరు నెలల వైద్యం

ఎప్పుడో ఒకసారి వచ్చినదానికి ఒక్క మాత్ర చాలు. మళ్ళీ మళ్ళీ వచ్చేదానికి ఒక్క మాత్ర చాలదు. ప్రతిసారీ ఒకటి మింగి ఊరుకోవటం వల్లనే అది తిరగబెడుతోంది. దీనికి వైద్యం రెండు దశలు.

మొదటి దశలో జబ్బును పూర్తిగా అణచాలి. 150 మిల్లీగ్రాముల మాత్ర మొదటి రోజు ఒకటి, నాలుగో రోజు ఒకటి, ఏడో రోజు ఒకటి. మొత్తం మూడు.

రెండో దశలో అది తల ఎత్తకుండా చూడాలి. వారానికి ఒక్క మాత్ర, ఆరు నెలల పాటు. అంటే సుమారు 26 మాత్రలు. దురద లేకపోయినా వేసుకోవాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. రెండు నెలలకే "తగ్గిపోయింది గదా" అని మానేస్తారు.

గుర్తు పెట్టుకోటానికి ఒక ఉపాయం. మీ ఊరి సంత ఏ వారమో ఆ వారాన్నే మాత్ర రోజుగా పెట్టుకోండి. సంత నుంచి ఇంటికి వచ్చి సంచి దించగానే మాత్ర. గోడ మీద కాలెండరులో సున్నా చుట్టండి. ఒక వారం మరిచిపోతే గుర్తొచ్చిన రోజున వేసుకోండి. రెండు కలిపి మాత్రం వేసుకోకండి.

ఈ వైద్యం ఎంతవరకు పనిచేస్తుందో దాపరికం లేకుండా చెప్తాను. 2004లో అమెరికాలో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో, మాత్ర వేసుకున్న స్త్రీలలో ఆరు నెలలు పూర్తయ్యేసరికి నూటికి దాదాపు 91 మంది జబ్బు లేకుండా ఉన్నారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో అట్లా ఉన్నది 36 మందే. మాత్రలు ఆపేసిన తర్వాత మరో ఆరు నెలలకు చూస్తే, నిజమైన మాత్ర వేసుకున్నవాళ్ళలో 43 మంది ఇంకా బాగున్నారు. అంటే సగానికి పైగా స్త్రీలకు తిరిగి వచ్చింది. అది మందు తప్పు గాని మీ తప్పు గాని కాదు. మళ్ళీ వస్తే నిరాశపడి మంత్రగాళ్ళ దగ్గరికీ పసరు మందుల దగ్గరికీ పోకండి. ఆరోగ్య కేంద్రానికే తిరిగి రండి. వైద్యం మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

మూడు మాత్రలకు కూడా దురద లొంగకపోతే అది వేరే రకం కాండిడా కావచ్చు. కాండిడా గ్లాబ్రటా అనే రకం ఈ మాత్రకు సరిగా లొంగదు. అప్పుడు జిల్లా ఆసుపత్రికో మెడికల్ కాలేజీ ఆసుపత్రికో పంపి, తెల్లబట్టను ల్యాబులో పెంచి చూడాలి. దానికి వేరే మందులు ఉన్నాయి. బోరిక్ యాసిడు క్యాప్సూలు లోపల పెట్టుకోమని కొందరికి రాస్తారు. అది మింగితే విషం. పిల్లలకు అందకుండా దాచాలి. గర్భిణీలు అసలు వాడకూడదు.

గర్భిణీలు ఈ మాత్ర మింగకూడదు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మాట. దంపతులిద్దరూ వినండి. గర్భంతో ఉన్నప్పుడు ఫ్లూకోనజోల్ మాత్ర వేసుకుంటే గర్భస్రావం అయ్యే అవకాశం కొంత పెరుగుతుందని 2016లో డెన్మార్క్ దేశంలో చేసిన పరిశోధనలో కనిపించింది. గర్భం మొదటి నెలల్లో రోజూ పెద్ద మోతాదులో చాలా రోజులు వాడిన కొందరికి బిడ్డల్లో అవయవ లోపాలు కూడా కనిపించాయి. అందుకని గర్భిణీలకు ఈ జబ్బు వస్తే క్లోట్రిమజోల్ బిళ్ళలో క్రీమో ఏడు రోజులు లోపల పెట్టుకోటానికి ఇస్తారు. దాంతో తగ్గుతుంది.

మాత్ర ఇచ్చే ముందు "ముట్టు ఎప్పుడు అయ్యారు?" అని నర్సమ్మ అడుగుతుంది. సిగ్గుపడకుండా సరైన తేదీ చెప్పండి. నెల తప్పితే ముందు మూత్ర పరీక్ష చేయించుకోండి. ఆరు నెలల వైద్యం జరుగుతున్నంత కాలం, చివరి మాత్ర తర్వాత ఇంకో వారం వరకు గర్భం రాకుండా నమ్మకమైన పద్ధతి పాటించండి. బిడ్డ కావాలనుకుంటున్న దంపతులు ఆ సంగతి ముందే చెప్పండి. వైద్యం ఎప్పుడు మొదలుపెట్టాలో కలిసి ఆలోచించవచ్చు.

గర్భం సంగతి తెలియక ఒక మాత్ర వేసుకున్నవాళ్ళు కంగారుపడి గర్భం తీయించుకోటానికి పరుగెత్తకండి. ఒక్క మాత్ర వల్ల బిడ్డకు హాని జరిగే అవకాశం చాలా తక్కువ. డాక్టరుకు చెప్పి, పరీక్షలు సకాలంలో చేయించుకోండి.

పాలిచ్చే తల్లులు ఒక్క మాత్ర వేసుకుంటే పాలు ఆపనక్కర్లేదు. వారాల తరబడి వేసుకోవలసి వస్తే డాక్టరును అడగండి.

ఇంకా ఎవరు జాగ్రత్తపడాలి?

కాలేయ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. షుగరుకు గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవాళ్ళకు ఇది తోడైతే చక్కెర మరీ పడిపోయి చెమటలు, కళ్ళు తిరగటం రావచ్చు. మూర్ఛకు ఫినిటాయిన్ వాడేవాళ్ళు, రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు కూడా చెప్పాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఈ మాత్ర బలాన్ని తగ్గిస్తుంది. ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తెచ్చి చూపించండి. పేర్లు చదవటం రాకపోయినా పని జరుగుతుంది.

కొందరికి తలనొప్పి, వికారం, కడుపునొప్పి కొద్దిగా వస్తాయి. అవి వాటంతట అవే తగ్గుతాయి. ఒంటి మీద దద్దుర్లు లేచినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా మాత్ర ఆపేసి వెంటనే రండి. ఇది అరుదు. కాని తెలిసి ఉండాలి.

కుటుంబ నియంత్రణ పద్ధతులకూ దీనికీ సంబంధం

గర్భనిరోధక మాత్రలు: మాలా–ఎన్ వంటివి వాడేవాళ్ళు ఫ్లూకోనజోల్ వేసుకున్నా వాటి శక్తి తగ్గదు. రోజూ మాత్ర వేసుకుంటూనే ఉండండి. కాని టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్ళకు గర్భనిరోధక మాత్ర శక్తి తగ్గుతుంది. వాళ్ళు వేరే పద్ధతికి మారాలి.

ఛాయా మాత్రలు: 2017లో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చిన ఈ మాత్రను మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి వేసుకోవాలి. ఫ్లూకోనజోల్ కూడా వారానికి ఒకటే. రెండూ ఇంట్లో ఉంటే ఒకదానికి బదులు ఇంకొకటి మింగే ప్రమాదం ఉంది. వేరు వేరు డబ్బాల్లో, వేరు వేరు రోజులకు పెట్టుకోండి. దురదకు వేసుకునే మాత్ర గర్భం ఆపదు.

నిరోధ్: 1968 నుంచి మన దేశంలో ఇస్తున్న నిరోధ్ రబ్బరుతో చేసినది. లోపల పెట్టే క్రీములు, బిళ్ళలు కొన్నిటిలో ఉండే నూనె పదార్థం రబ్బరును బలహీనం చేస్తుంది, నిరోధ్ చినిగిపోవచ్చు. అందుకని క్రీము వాడే రోజుల్లోనూ ఆ తర్వాత కొన్ని రోజులూ నిరోధ్ మీద ఆధారపడకండి. ఎన్ని రోజులో నర్సమ్మను అడగండి. నోటి మాత్రతో ఈ చిక్కు లేదు.

లూపు: కాపర్–టి ఉన్నప్పుడు దురద వస్తే మీరే దారం పట్టి లాగకండి. దాన్ని ఉంచే వైద్యం చేయించుకోవచ్చు. తీసెయ్యాలా వద్దా అన్నది పరీక్ష చేసి చెప్పాల్సిన సంగతి.

ఆపరేషను: పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషను వల్ల తెల్లబట్ట రాదు. ఆపరేషనులో గొట్టాలను మూసేస్తారు, జననాంగాన్ని ముట్టుకోరు.

తామర మందుతో పొరపాటు పడకండి: ఒంటి మీద తామరకు ఇచ్చే గ్రిసియోఫుల్విన్ మాత్ర ఈ జబ్బుకు పనిచేయదు. పైగా అది గర్భనిరోధక మాత్ర శక్తిని తగ్గించవచ్చు. దాన్ని వాడిన మగవాళ్ళు ఆపిన తర్వాత ఆరు నెలల వరకు బిడ్డను కనే ప్రయత్నం చేయకూడదు. బూజు మందులన్నీ ఒకటి కావు. పక్కింటివాళ్ళ మాత్ర మీకు పనికిరాదు.

అన్నదమ్ములకు ఒక మాట

మీ భార్యకు ఈ జబ్బు వచ్చిందంటే ఆమె తప్పు చేసిందని అర్థం కాదు. ఇది పెళ్ళి కాని ఆడపిల్లలకూ వస్తుంది, భర్త పోయిన పెద్దవాళ్ళకూ వస్తుంది. మీకు బాధ ఏమీ లేకపోతే మీకు మందు అక్కర్లేదు. అంగం చివర ఎర్రబడి దురద పెడితే చూపించుకోండి, పైపూత మందు ఇస్తారు. మీకూ షుగరు పరీక్ష చేయించటం మంచిది.

ఆమెకు నొప్పిగా ఉన్న రోజుల్లో కలయికకు పట్టుబట్టకండి. మూడు నాలుగు రోజుల ఓపికే. సంత రోజున "మాత్ర వేసుకున్నావా?" అని ఒక మాట అడగండి. వైద్యం మధ్యలో ఆగిపోకుండా ఉండటానికి ఆ మాట చాలా పనిచేస్తుంది. డాక్టరు దగ్గరికి తోడు రండి. బస్సు ఖర్చుకూ కూలి పోవటానికీ వెనకాడి ఆడవాళ్ళు బాధను దాచుకుంటారు.

గర్భసంచి తీయించుకోటం దీనికి మందు కాదు

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలను లెక్కవేస్తే, దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి, తెలంగాణలో దాదాపు ఎనిమిది మందికి. దేశంలో అందరికన్నా మన తెలుగు స్త్రీలే ముందున్నారు. వీళ్ళలో కొందరికి ఆపరేషను నిజంగా అవసరమే. ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం. కాని "పిల్లలు పుట్టారు గదా, ఇంక గర్భసంచి ఎందుకు? తెల్లబట్ట అవుతోంది, క్యాన్సరు అవుతుంది, తీసేద్దాం" అన్న మాటకు భయపడి ఒప్పుకున్నవాళ్ళూ మన ఊళ్ళలో ఉన్నారు.

బాగా ఆలోచించండి. ఈ బూజు క్రిమి ఉండేది గర్భసంచిలో కాదు, జననాంగంలో. గర్భసంచి తీసినా జననాంగం అక్కడే ఉంటుంది, దురద మళ్ళీ రావచ్చు. ఈ బూజు క్యాన్సరుగా మారదు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్ఫై అయిదేళ్ళకే ముట్లు ఆగిన ముసలితనం వస్తుంది. ఒళ్ళు ఆవిర్లు, నిద్ర లేకపోవటం, ఎముకలు పెళుసుబారటం. నాట్లు వేసి, కలుపు తీసి బతికే మనిషికి ఎముక బలం పోతే ఇంకేం మిగులుతుంది? ఆపరేషనుకు తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది.

ఎవరైనా తెల్లబట్టకు గర్భసంచి తీయాలంటే సంతకం పెట్టకముందు మూడు ప్రశ్నలు అడగండి. తెల్లబట్టను అద్దం పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూశారా? షుగరు పరీక్ష చేశారా? మాత్రల వైద్యం పూర్తిగా చేశారా? ఈ మూడూ చేయకుండా ఆపరేషను అంటే, ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకో డాక్టరమ్మకు చూపించుకోండి.

మీరు సాధారణంగా అడిగే ప్రశ్నలు

"వేడి చేయటం వల్ల వస్తుందంటారు, మజ్జిగ తాగితే తగ్గదా?" మజ్జిగ ఒంటికి మంచిదే, తాగండి. కాని వచ్చిన జబ్బును అది తగ్గించదు. పెరుగు, పసుపు లోపల పెట్టకండి.

"దురద పోవటానికి మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు, రాస్తే హాయిగా ఉంది." అట్లాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడు కలిపి ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత చర్మం పల్చబడి జబ్బు పెరుగుతుంది. డాక్టరు చెప్పకుండా రాయకండి.

"ముట్టు గుడ్డల వల్ల వస్తుందా?" సరిగ్గా ఆరని గుడ్డల వల్ల చర్మం ఒరుసుకుపోయి రకరకాల బాధలు వస్తాయి. మంచం కింద చీకట్లో దాచి ఆరబెట్టకండి. ఎండలో ఆరెయ్యండి, అవసరమైతే పైన పల్చటి గుడ్డ కప్పండి. లోదుస్తులు నూలువి, వదులువి వాడండి. పొలంలో తడిసి వస్తే బట్టలు మార్చుకోండి.

"ఇంకా కొత్త మందులు వచ్చాయటగా?" వచ్చాయి. 2022లో అమెరికాలో ఒటెసెకోనజోల్ అనే మాత్రకు అనుమతి ఇచ్చారు. కాని అది ఒంట్లో చాలా కాలం నిలిచి గర్భంలోని బిడ్డకు హాని చేయవచ్చునని, ఇక గర్భం వచ్చే అవకాశం లేని స్త్రీలకే పరిమితం చేశారు. మీకు ఇప్పుడు అందుబాటులో ఉన్న మాత్రను సరిగ్గా వాడుకుంటే చాలు.

చివరిగా గుర్తుంచుకోవలసినవి

1. తెల్లబట్టతో దురద ఉంటే దాచుకోకండి. పరీక్ష చేయించుకున్న తర్వాతే మందు వాడండి.

2. ఏడాదిలో మూడుసార్లు వస్తే షుగరు పరీక్ష తప్పనిసరి.

3. మొదటి, నాలుగో, ఏడో రోజున ఒక్కో మాత్ర. తర్వాత వారానికి ఒకటి చొప్పున ఆరు నెలలు. డాక్టరు రాసి ఇస్తేనే.

4. గర్భిణీలు ఈ మాత్ర మింగకూడదు. వైద్యం జరిగినంత కాలం గర్భం రాకుండా చూసుకోండి.

5. ఈ బాధ కోసం లూపు, మాత్రలు మీ అంతట మీరు మానకండి.

6. ఈ బాధ కోసం గర్భసంచి తీయించుకోకండి.

ఈ కాగితం ఇంటికి తీసుకెళ్ళి దంపతులిద్దరూ కలిసి చదువుకోండి. చదువు రానివాళ్ళకు బడికి వెళ్ళే పిల్లల చేత కాకుండా, ఆశా కార్యకర్త చేత చదివించుకోండి. ఆవిడను అడగటానికి సంకోచం ఉంటే ఉపకేంద్రంలో ఏఎన్ఎం ఉంటుంది. పక్కకు పిలిచి "నర్సమ్మా, దురదగా ఉంది" అంటే చాలు. మిగతాది ఆవిడే అడిగి తెలుసుకుంటుంది.